స్తంభం ఉంటే సరిపోదండీ

అమలాపురం గడియారస్తంభం సెంటర్లో బస్సు తిప్పడం ఏ డ్రైవరుకైనా పరీక్షే. రిటైరయ్యేదాకా రాజోలు, కొత్తపేట రూట్లలో ఆర్టీసీ బస్సు తోలినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. కుడివైపు కొబ్బరికాయల లారీ, ఎడమ సందులోంచి బైకు, ఎదురుగా షేర్ ఆటో. అందరి చెయ్యీ హారన్ మీదే. ముందు దూరినవాడిదే దారి.

"సిగ్నల్ లైట్లు పెట్టేస్తే గొడవ వదిలిపోద్దండీ" అంటారు చాలామంది. చోటున్న సెంటర్లో రౌండబౌటే మేలంటాను నేను. నాలుగు రోడ్లు కలిసే మామూలు జంక్షన్లో బండీ బండీ తగిలే వీలున్న చోట్లు 32. రౌండబౌట్లో 8. అందరూ ఒకే దిక్కున తిరుగుతారు గనక ఎదురెదురుగా, అడ్డంగా గుద్దుకోవడం బాగా తగ్గిపోతుంది. మధ్య దిమ్మను చుట్టి రావాలి కాబట్టి స్పీడూ తగ్గుతుంది. తగిలినా చాలావరకు రేకు నొక్కుకోవడంతో పోతుంది. పచ్చలైటు పడితే మాత్రం కాలు యాక్సిలరేటర్ మీదకే వెళ్తుంది. అప్పుడు అడ్డరోడ్డులో ఒక్కడు ఎర్రలైటు దాటాడా, ప్రాణాల మీదికొస్తుంది.

ఇక స్టాప్ బోర్డు. అమెరికాలో నాలుగువైపులా ఆ బోర్డులుంటే ముందొచ్చినవాడు ముందు వెళ్తాడు. మన దగ్గర బోర్డు చూసి ఆగితే వెనకవాడు తిడతాడు. ఆ అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్ పట్టణం 150కి పైగా రౌండబౌట్లు కట్టుకుంది.

అయితే నడిమధ్య స్తంభమో విగ్రహమో ఉన్నంతమాత్రాన అది రౌండబౌట్ అయిపోదు. బ్రిటన్లోనూ ఒకప్పుడు బయటి బళ్లు తోసుకొచ్చి, లోపలివి కదల్లేక సర్కిళ్లు బిగుసుకుపోయేవి. లోపల తిరిగే బండికే ముందు దారి అని 1966లో రూలు పెట్టాక చిక్కు వీడింది. మన 2017 డ్రైవింగ్ నిబంధనలూ అదే చెబుతున్నాయి.

పొడుగు బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోస్తాయి. అందుకని దిమ్మ చుట్టూ చక్రం ఎక్కగలిగేంత తక్కువ ఎత్తులో గట్టు కట్టాలి. అంత చోటు లేకపోయినా, ఒక్క రోడ్డు మీదే విపరీతమైన రద్దీ ఉన్నా, బడిపిల్లలు గుంపులుగా దాటుతున్నా సిగ్నలే నయం.

ఏది కట్టినా, కట్టకపోయినా, సెంటర్ మొగలో ఆటో ఆపి జనాన్ని ఎక్కించుకోకండి. కుడివైపు చూడండి, లోపలి బండిని పోనివ్వండి, ఆ తర్వాతే దూరండి. దీనికి మున్సిపాలిటీ పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు.