బెదురు కుక్క మన ఇంటికొస్తే...

మహాభారతంలో ధర్మరాజు చివరి ప్రయాణం కథ మన పిల్లల్లో చాలామందికి తెలిసిందే. తన వెంట నడిచి వచ్చిన కుక్కను వదిలేస్తేనే స్వర్గంలోకి రానిస్తామంటే, అలాంటి స్వర్గం నాకు అక్కర్లేదన్నాడాయన. కథ వినడానికి బాగానే ఉంటుంది. కానీ మన రియాద్‌లో వేసవి సెలవులు దగ్గర పడినా, ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్నా "మా కుక్కని ఎవరైనా తీసుకుంటారా?" అన్న కబురు వినిపిస్తూనే ఉంటుంది.

అలాంటి కబురుతోనే మా ఇంటికి బుజ్జి వచ్చింది. చిన్న కుక్క, పట్టుమని ఆరు కిలోలు కూడా లేదు. ఎవరో రోడ్డు మీద వదిలేస్తే ఒక కుటుంబం చేరదీసి, వాళ్ళూ దేశం వదిలి వెళుతూ మాకప్పగించారు. వచ్చిన రోజే మేం పెద్ద పొరపాటు చేశాం. చూడ్డానికి పిల్లల స్నేహితులందర్నీ పిలిచాం! బుజ్జి వణుకుతూ మంచం కిందకి దూరింది. రెండు రోజులు బయటికి రాలేదు, అన్నం ముట్టలేదు. ఆ తర్వాత పశువైద్యుడి సలహాతోనూ, మా అనుభవంతోనూ నేర్చుకున్న సంగతులు నలుగురికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ఈ నేలకు కుక్క కొత్త కాదు

హాయిల్ ప్రాంతంలో జుబ్బా, షువైమిస్ అనే చోట్ల రాళ్ళ మీద వేల ఏళ్ళనాటి బొమ్మలున్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అందులో వేటగాళ్ళ వెంట కుక్కలున్నాయి. కొన్నింటికి మెడనుంచి మనిషి నడుము దాకా తాడు కూడా గీశారు! ఇక్కడి సలూకీ వేటకుక్కలకూ ఎంతో పేరుంది.

అయినా కుక్క తాకితే మళ్ళీ శుభ్రపరచుకోవాలని భావించే ఇరుగుపొరుగు మనకుంటారు. 2008లో రియాద్‌లో కుక్కలు, పిల్లుల అమ్మకం మీదా, వాటిని బయట తిప్పడం మీదా నిషేధం వచ్చింది. ఇప్పుడు రోజులు చాలా మారాయి. 2013లో సౌదీ మంత్రివర్గం గల్ఫ్ దేశాల ఉమ్మడి జంతు సంక్షేమ చట్టాన్ని ఆమోదించింది. దాహంతో ఉన్న కుక్కకు బావిలోంచి నీళ్ళు తోడిపోసిన మనిషికి దేవుడు పాపాలు క్షమించాడన్న కథ హదీసుల్లోనే ఉంది. మన వంతుగా లిఫ్టులో ఎవరైనా ఉంటే ఆగుదాం, గొలుసు లేకుండా బయటికి వదలొద్దు, అది చేసిన మురికి మనమే ఎత్తుదాం.

మొదటి మూడు రోజులు

కుక్కలను దత్తతకిచ్చేవారు ఒక లెక్క చెబుతుంటారు. భయం తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. బాగా బెదిరిన కుక్కకు ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

ముందుగా ఇంట్లో ఒక మూల దానికిచ్చేయండి. పాత దుప్పటి, నీళ్ళ గిన్నె, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె చాలు. అది అందులో ఉన్నప్పుడు ఎవరూ లాగకూడదు. తిండి, నడక రోజూ ఒకే వేళకు జరగాలి. ప్రెషర్ కుక్కర్ విజిల్, మిక్సీ చప్పుడు మనకి అలవాటే గానీ దానికి పిడుగులే! వంటింటికి దూరంగా ఉంచండి. వీధి తలుపు తీసేటప్పుడు మరీ జాగ్రత్త. బెదిరిన కుక్క సందు దొరికితే పారిపోతుంది. సెప్టెంబర్ 23న జాతీయ దినోత్సవం బాణాసంచా కాల్చే రాత్రి కిటికీలు మూసి దాని దగ్గరే కూర్చోండి.

పిల్లలూ, ఇది మీకు!

కుక్క తోక కాళ్ళ మధ్య దాచుకున్నా, మాటిమాటికీ పెదవులు నాక్కున్నా, నిద్ర రాకుండానే ఆవలించినా, తల పక్కకి తిప్పుకున్నా "నాకు భయంగా ఉంది" అంటోందన్నమాట. గుర్రుమంటే "దూరంగా ఉండు" అని చెబుతోంది. అందుకు తిట్టొద్దు. చెప్పడం మానేస్తే తిన్నగా కరుస్తుంది.

దాని కళ్ళలోకి గుచ్చి చూడకండి. నేల మీద పక్కకి తిరిగి కూర్చుని మీ పుస్తకం చదువుకోండి. అదే వచ్చి వాసన చూస్తుంది. అప్పుడు గడ్డం కిందో, ఛాతీ మీదో కాసేపు నిమరండి. తల మీద చెయ్యి వెయ్యొద్దు, కౌగిలించుకోవద్దు. తినేటప్పుడూ, పడుకున్నప్పుడూ కదిలించొద్దు. ఒకవేళ కరిచినా, గీరినా దాచకుండా అమ్మానాన్నలకు చెప్పాలి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంకో సరదా సంగతి. మాట నేర్పేటప్పుడు ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు "కమ్" అని, ఒకరు "రా" అని, ఒకరు "ఇటు రావే" అని పిలిస్తే పాపం దానికేం అర్థమవుతుంది? మేం "రా", "కూర్చో", "ఆగు" అనే మూడు మాటలు ఖాయం చేసుకున్నాం. తెలుగు మాట్లాడమంటే సిగ్గుపడే మా చిన్నవాడు బుజ్జితో మాత్రం గంటలకొద్దీ తెలుగులోనే మాట్లాడతాడు. తప్పు మాట్లాడినా అది నవ్వదు మరి!

మన వంటిల్లు, ఇక్కడి ఎండ

మన వంటల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిది తక్కువ. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో వేసే కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ కూడా విషమే. "కొంచెమే కదా" అని పళ్ళెంలోది పెట్టకండి.

వేసవిలో రియాద్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మన అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆరేడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. తెల్లవారుజామునో, రాత్రి బాగా పొద్దుపోయాకో నడిపించండి. వచ్చిన వారంలోపే వైద్యుడికి చూపించి, రేబిస్‌తో సహా టీకాలు వేయించి, గోమార్లు ఉన్నాయేమో చూడమనండి.

తెచ్చుకునే ముందు ఒక్క ప్రశ్న

అసలు సంగతి ఇదే. చిన్న కుక్కలు పది, పదిహేనేళ్ళు బతుకుతాయి. మన ఉద్యోగాలకు అంత భరోసా లేదు. కాబట్టి "మనం వెళ్ళిపోయేటప్పుడు దీన్నేం చేస్తాం?" అన్న ప్రశ్నకు ఇంట్లో అందరూ కూర్చుని జవాబు చెప్పుకోవాలి. ఇంటి యజమాని ఒప్పుకుంటారా? సెలవుల్లో ఎవరు చూస్తారు? ఇండియాకి తీసుకెళ్ళాలంటే మైక్రోచిప్, రేబిస్ టీకా, ఆరోగ్య ధ్రువపత్రం, అక్కడి జంతు క్వారంటైన్ శాఖ అనుమతి కావాలి. హైదరాబాద్‌లోనూ ఆ శాఖ కేంద్రం ఉంది. ఇవి చివరి వారంలో అయ్యే పనులు కావు. నియమాలూ మారుతుంటాయి కనుక టికెట్ కొనకముందే కనుక్కోవాలి.

జవాబు దొరక్కపోతే తెచ్చుకోకపోవడమే మంచిది, అందులో తప్పేమీ లేదు. ఊరికి తిరిగి వెళ్ళాక తెచ్చుకోవచ్చు. హైదరాబాద్‌లో అక్కినేని అమల గారు 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ వంటి సంస్థల దగ్గర ఇల్లు దొరకని కుక్కలు ఎన్నో ఉంటాయి.

మా బుజ్జి మూడో నెలలో ఒక సాయంత్రం, పిల్లలు స్కూలు బస్సు దిగేసరికి తనంతట తానే తలుపు దగ్గరకొచ్చి నిలబడి తోక ఊపింది. అంతవరకూ ఓపిక పట్టాల్సింది మనమే. వాడి పాస్‌పోర్టు పక్కనే బుజ్జి టీకాల పుస్తకం కూడా మావాడు భద్రంగా దాస్తున్నాడు. ఇంటికి వెళ్ళే రోజు వస్తే అదీ మాతోనే వస్తుంది.