పన్ను ఊడింది సరే... పాలసీ ఏమంటోంది?

ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఉంది కదా, పంటి వైద్యానికి పెట్టిన డబ్బూ వచ్చేస్తుందిలే అనుకుంటాం. తీరా బిల్లులు పంపాక 'వర్తించదు' అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది.

నిజానికి మన దేశంలో చాలా ఆరోగ్య పాలసీల్లో పుచ్చుపన్ను తీయించుకోవడం, కట్టుడు పళ్లు పెట్టించుకోవడం లాంటివి ఉండవు. అందం కోసం చేయించుకునేవి అసలే ఉండవు. ఫ్లోరిన్ నీళ్ల వల్ల పళ్లకి గారపట్టడం మనకి కొత్త కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఆ జబ్బుని వైద్యులు గుర్తించారు. ఆ మరకలు పోగొట్టించుకున్నా సాధారణంగా ఖర్చు మనదే.

మైపాడు రోడ్డులో బండి మీంచి పడి, పళ్లు ఊడి, ఆసుపత్రిలో చేరితే మాత్రం సంగతి వేరు. ప్రమాదం వల్ల అవసరమైన పంటి వైద్యానికి చాలా పాలసీలు డబ్బిస్తాయి. దెబ్బ ఎలా తగిలిందో డిశ్చార్జి కాగితంలో డాక్టరుగారిచేత స్పష్టంగా రాయించుకోండి. ఎక్స్‌రేలు, బిల్లులు, మందుల చీటీలు పంపేముందు జెరాక్సులు తీయించి ఉంచుకోండి.

అయినా కాదన్నారా? ఏ షరతు ప్రకారం కాదన్నారో రాసిమ్మనండి. ఆ షరతు మీ పాలసీలో ఉందో లేదో చూసుకుని, ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల దాటినా పలక్కపోతే, లేదా ఇచ్చిన జవాబు సబబుగా లేకపోతే, ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పంపొచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.

పాలసీ కాగితాలు మగవాళ్ల వ్యవహారమని బీరువాలోనే ఉంచేయకండి. ఆసుపత్రిలో పక్కన కూర్చునేదీ, బిల్లులు దాచేదీ మనమే. ఏవేవి వర్తించవో చెప్పే పేజీని పన్ను నొప్పి రాకముందే ఓసారి చదువుకుంటే, డబ్బు ఎక్కడ గట్టిగా అడగాలో, ఎక్కడ అడిగి లాభం లేదో తెలుస్తుంది.