పాలలో ‘సి’ విటమినును కొలవడం ఎలా?

కార్యదర్శుల శిక్షణ తరగతులలో మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఇది: “వెన్న శాతం చూస్తున్నాం, లాక్టోమీటరు ముంచుతున్నాం. మరి విటమిన్ల మాటేమిటి?” పాల ధర కట్టడానికి విటమిన్ల లెక్క అక్కరలేదు. అయినా ‘సి’ విటమిను పరీక్ష తెలిస్తే, పాలకు వెలుతురు, రాగి ఎంత చెరుపు చేస్తాయో అంకెలలో కనబడుతుంది.

నిజానికి ‘సి’ విటమిను కోసం ఎవరూ పాలు తాగనక్కరలేదు. అప్పుడే పితికిన ఆవు పాలలో లీటరుకు సుమారు 20 మిల్లీగ్రాములు ఉంటుంది. పది లీటర్ల పాలలో ఉండేది ఒక్క మంచి జామపండులో దొరుకుతుంది. పాలు కాచితే అందులోనూ కొంత పోతుంది.

పరీక్షకు వాడేది డైక్లోరోఫినాల్ ఇండోఫినాల్ అనే నీలి రంగు. ఆమ్లంలో ఇది గులాబి రంగుకు మారుతుంది. ‘సి’ విటమిను తగిలితే రంగే ఉండదు. 25 మిల్లీలీటర్ల పాలకు అంతే మెటాఫాస్ఫారిక్ ఆమ్ల ద్రావణం కలిపితే మాంసకృత్తులు విరిగి అడుగుకు దిగుతాయి, విటమిను కూడా త్వరగా చెడకుండా నిలుస్తుంది. వడకట్టిన తేటలో 10 మిల్లీలీటర్లు ఫ్లాస్కులో తీసుకొని, బ్యూరెట్టు నుండి రంగును చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబి రంగు కొన్ని సెకండ్లపాటు నిలిస్తే ఆపాలి. ఇక్కడ తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. పాలలోని ఇతర పదార్థాలు కూడా రంగును నిదానంగా తినేస్తాయి.

ఉదాహరణకు, 1 మిల్లీలీటరు రంగు 0.02 మిల్లీగ్రాముల విటమినుకు సరిపోతుందని ముందే తేల్చుకున్నాం అనుకోండి. బ్యూరెట్టులో ఖర్చు 4.7, పాలు లేకుండా ఆమ్లానికే అయిన ఖర్చు 0.2. తీసివేయగా 4.5. అంటే 0.09 మిల్లీగ్రాములు. ఆ తేట సుమారు 5 మిల్లీలీటర్ల పాలకు సమానం కనుక లీటరుకు 18 మిల్లీగ్రాములు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. కొంత ఆక్సీకరణ చెందినా ఇంకా విటమినుగా పనిచేసే భాగం ఇందులో లెక్కకు రాదు. రో, క్యూథర్ 1943లో ప్రకటించిన డైనైట్రోఫినైల్ హైడ్రజీన్ పద్ధతి ఆ రెండింటినీ కలిపి కొలుస్తుంది. పెద్ద ప్రయోగశాలలలో నేడు ద్రవ క్రోమటోగ్రఫీ యంత్రాలున్నాయి.

అవే పాలను గాజుసీసాలో అరగంట ఎండలో పెట్టి చూడండి, ఖర్చయ్యే రంగు బాగా తగ్గిపోతుంది. విరుగుడు తేటకు పచ్చని ఛాయనిచ్చే ‘బి2’ విటమినే వెలుతురును పట్టి ‘సి’ని చెరుపుతుంది. కళాయి పోయిన ఇత్తడి బిందెలోని రాగిదీ అదే పని. రాగి అక్కడితో ఆగదు, వెన్నను కూడా ఆక్సీకరింపజేస్తుంది. వెన్న శాతం తగ్గదు గాని పాలకు తడి అట్టముక్క వాసన పడుతుంది. అటువంటి బిందెడు పాలు క్యానులో పోస్తే మంచి పాలకూ ఆ రుచి అంటుతుంది.

ఈ పరీక్షకు నమూనా పంపే సంఘాలు ముదురు రంగు సీసాను నిండుగా నింపి, నల్లకాగితం చుట్టి, మంచులో పెట్టి అదే రోజు పంపాలి. వెన్న పరీక్ష నమూనాలలో వేసే డైక్రోమేటు మాత్ర ఇందులో వేయరాదు. అది ఆక్సీకరణ చేసే మందు. సీసా మాకు చేరేలోపే కొలవవలసినదాన్ని తినేస్తుంది.