ఆ అరవై ఒక్క రోజులూ మా ఇల్లే స్టూడియో!

మా ఇల్లు విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి కూతవేటు దూరం. తెల్లారకముందే బోటు ఇంజిన్ల మోత, ఐసు బండ్లు, చేపల వేలం కేకలు. అలాంటి చోట గిటారు రికార్డు చేస్తానంటే ఫ్రెండ్స్ నవ్వారు. కానీ మాకు ఏటా ఓ అవకాశం దొరుకుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ తూర్పు తీరంలో మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డునే. నాన్న ఇంటిపట్టున ఉండేదీ అప్పుడే.

నాన్న బోటు సరంగు. ముప్పై ఏళ్లుగా ఇంజిన్ మోతలోనే బతికాడు. ఇప్పుడు కాలింగ్ బెల్ వినబడదు. అక్క కూతురి మాటలు సగమే అందుతాయి. మోత వల్ల ముందు పోయేది సన్నని శబ్దాలు వినే శక్తేనట. వల బాగుచేసుకుంటూ ఆయన తీసే ఓ కూనిరాగం ఉంది. మాటల్లేవు. గిటారు మీద నేను మొదట పట్టుకున్నది దాన్నే. చెవులు ఇంకా తగ్గకముందే రికార్డు చేసి వినిపించాలని పోయిన వేసవిలో కూర్చున్నా.

రెండు కండెన్సర్ మైకులు, గిటారు లోపల బ్రిడ్జి కింద పీజో పికప్, నాలుగు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్. ఒక మైకు పన్నెండో ఫ్రెట్ వైపు, రెండోది బ్రిడ్జి వెనక చెక్క వైపు. రెండూ జానెడున్నర దూరంలోనే. గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడితే గుమ్ముమని ఒకటే మోత, అందుకే పెట్టలేదు. మైకుల వెనకభాగం కిటికీ వైపు తిప్పితే వీధి శబ్దం చాలా తగ్గింది.

మూడు ట్రాకులు కలిపితే ఇక స్టూడియో సౌండే అనుకున్నా. నాన్నకి హెడ్‌ఫోన్స్ పెట్టా. కాసేపు విని, తీసేశాడు.

"ఏటిరా ఇది? గొంతుంది గానీ కడుపు లేదు."

చిన్నబుచ్చుకున్నా. సరిగ్గా వినబడని మనిషికేం తెలుసనీ అనుకున్నా. రాత్రి ఒక్కో ట్రాకూ విడిగా వింటే అన్నీ బాగానే ఉన్నాయి. పికప్‌ని మైకులతో కలిపితేనే లావు తీగల నాదం మాయం! నాన్నకి సన్నని శబ్దాలు అందకపోయినా బేస్ బాగానే అందుతుంది. లేనిది ఆయనకే ముందు తెలిసింది.

వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూశా. మైకు అల పైకి లేచిన చోట పికప్ అల కిందికి దిగుతోంది. ఇద్దరు ఎదురెదురు దిక్కులకి తెడ్డు వేస్తే పడవ ఎక్కడికి కదులుతుంది? పికప్ ట్రాక్‌లో పోలారిటీ బటన్ నొక్కగానే బేస్ తిరిగొచ్చింది.

అయినా మధ్య స్వరాలు బోలుగానే ఉన్నాయి. ధ్వని గాల్లో సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. జానెడున్నర, అంటే 34 సెంటీమీటర్లు దాటడానికి ఒక మిల్లీసెకను. పికప్‌కి ఆ ప్రయాణమే లేదు, ముందే చేరిపోతుంది. ఆ తేడాకి 500 హెర్ట్జ్ దగ్గర స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. సెకనుకి 48,000 శాంపిల్స్ చొప్పున రికార్డు చేస్తున్నా కాబట్టి, పికప్ ట్రాక్‌ని 48 శాంపిల్స్ వెనక్కి జరిపా. అంతే, మూడూ ఒక్క గిటారయ్యాయి!

మీరూ ప్రయత్నిస్తుంటే నా సలహా ఒక్కటే. వాయించే ముందు గిటారు చెక్కని వేలితో ఒకసారి తట్టండి. మూడు ట్రాకుల్లో ఆ దెబ్బ ఎక్కడ పడిందో చూస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది.

బయటి మోత వినబడని పికప్ ఒక్కటీ ఉంచుకుంటే సరిపోయేదిగా అని ఫ్రెండ్ అడిగాడు. నిజమే. కానీ చివరి టేక్‌లో నాన్న వల ఒళ్లో పెట్టుకుని, తెలియకుండానే నాతోపాటు కూనిరాగం తీశాడు. పికప్‌లో ఆయన లేడు. మైకుల్లో ఉన్నాడు.

జూన్ 14 రాత్రి బోటెక్కే ముందు ఆ పాట ఆయన ఫోన్‌లో వేసి ఇచ్చా. చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నాడు.

"ఇదీ నీ గిటారు" అన్నాడు. తర్వాత అడిగాడు, "ఆ వెనక పాడేదెవడ్రా?"