శుక్రవారం సండే స్కూల్లో నాటకం

మా సండే స్కూలు శుక్రవారం జరుగుతుంది. ఫోన్‌లో ఈ మాట చెప్పినప్పుడల్లా మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఖతార్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున్నే ఆఫీసులూ, బడులూ మొదలు. అందుకని ఇక్కడి తెలుగు సంఘాల్లో పెద్ద ఆరాధన శుక్రవారమే. పిల్లల తరగతికి మాత్రం పాత పేరు తీసెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆ పిల్లలకు వేసవి సెలవులు మొదలవగానే ఐదు రోజుల శిబిరం ఒకటి పెడతారు. మన ఊళ్ళలో వి.బి.ఎస్. అంటారే, అదే: వెకేషన్ బైబిల్ స్కూలు. పాటలు, బొమ్మలు, కాగితాల పనులు, చివరి రోజు ఒక నాటిక. కొన్నేళ్ళుగా ఆ నాటిక నేర్పే పని నా మీద పడింది. నా అర్హత ఏమిటంటారా? ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ డే నాటికల్లో రెండుసార్లు పోలీసు వేషం వేశాను. రెండింటిలోనూ ఒకటే డైలాగు. ఆ తర్వాత జీవితమంతా కంప్యూటర్ ముందే. అయినా పరాయి దేశంలో పిల్లల చేత తెలుగు నాటకం వేయించాలనుకునే వాళ్ళకి, అది క్రిస్మస్‌కి గానీ ఉగాదికి గానీ, నా పొరపాట్లయినా పనికొస్తాయేమోనని ఇది రాస్తున్నాను.

ముందు స్థలం సంగతి. దోహాకి దక్షిణాన, అబూ హమూర్ పక్కన మెసైమీర్‌లో చర్చిలన్నీ ఒకేచోట ఉంటాయి. 'రెలిజియస్ కాంప్లెక్స్' అంటారు. అప్పటి అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా ఇచ్చిన స్థలం అది. 2008 మార్చిలో అక్కడ అవర్ లేడీ ఆఫ్ ది రోజరీ కాథలిక్ చర్చిని ప్రతిష్ఠించారు. ఆధునిక ఖతార్‌లో మొదటి చర్చి భవనం అదే. అంతకుముందు ప్రార్థనలు ఎక్కువగా ఇళ్ళల్లోనే. 2013లో ఆంగ్లికన్లది, ఎపిఫనీ చర్చి, వచ్చింది. మలయాళం, తమిళం, తెలుగు, హిందీ, ఇలా ఎన్నో భాషల సంఘాలు హాళ్ళను గంటల లెక్కన పంచుకుంటాయి. మా ఆరాధన ముగిసేసరికి తలుపు అవతల ఇంకో భాషవాళ్ళు గొంతులు సవరించుకుంటూ ఉంటారు. బయటి గోడల మీద శిలువ ఉండదు, గంట ఉండదు. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. ఈ దేశంలో అన్యమత ప్రచారం నేరం కాబట్టి ముస్లిం మిత్రుల పిల్లలను శిబిరానికి పిలవం. అది ఇక్కడ అందరికీ తెలిసిన హద్దు.

(ఈ నేలకు క్రైస్తవం కొత్త అనుకుంటే పొరపాటు. ఏడో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని సిరియాక్ భాషలో బేత్ ఖత్రాయే అనేవారు. నీనెవె ఇస్సాకు అని పేరుబడ్డ సన్యాసి ఇక్కడి వాడే.)

వి.బి.ఎస్. అనేది మాత్రం అమెరికా సరుకు. 1898లో న్యూయార్కులో ఎలైజా హాస్ అనే ఆవిడ, సెలవుల్లో వీధుల వెంట తిరిగే పేద పిల్లల కోసం ఒక బీరు హాలు అద్దెకు తీసుకుని వేసవి బైబిలు బడి నడిపింది. అంతకు నాలుగేళ్ళ ముందే ఇల్లినాయ్‌లోని హోప్‌డేల్‌లో ఇలాంటిది జరిగిందని కూడా చెబుతారు. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఏ పేటకు వెళ్ళినా మైకులో పిల్లల పాటలు వినిపిస్తాయి.

ఇక అసలు విషయం. మొదటి ఏడాది నేను నోవహు ఓడ వేయించాను, ఇంగ్లీషులో. డైలాగులన్నీ ముందే రికార్డు చేసి పిల్లల చేత పెదవులు కదిలించాను. ఏనుగు తొండాలు, జిరాఫీ మెడలు అన్నీ అద్భుతంగా కుదిరాయి. ముందు వరసల్లో తల్లిదండ్రులు ఫోటోలు తీసుకున్నారు. వెనక సగం హాలు మాత్రం రెండో సీనుకే ఖాళీ అయింది.

వెనక సగం అంటే ఎవరు? ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చే మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు. వారానికి ఒక్కరోజు సెలవు దొరికిన ఇంటిపని ఆడవాళ్ళు. కోనసీమ, కడప, కరీంనగర్, నిజామాబాద్. పిల్లలను ఊళ్ళో అమ్మమ్మల దగ్గర వదిలి వచ్చిన వాళ్ళే చాలామంది. బయట నీడలో నిలబడ్డ ఒకాయనను "ఎలా ఉందండీ?" అనడిగాను. "బాగుందండీ, బొమ్మలు చాలా బాగున్నాయి" అన్నాడు. మర్యాదకే అన్నాడు గానీ ఆ 'బొమ్మలు' నాకు గుచ్చుకుంది. నిజమే మరి, నేను పిల్లలను బొమ్మలనే చేశాను.

మర్నాటి ఏడు తెలుగులో వేద్దామన్నాను. పెద్దవాళ్ళే ఒప్పుకోలేదు. "పిల్లలకు తెలుగు రాదు కదండీ, అందరి ముందూ నవ్వులపాలవుతారు" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. మన పిల్లలు బళ్ళో ఇంగ్లీషు, హిందీ, అరబిక్ చదువుతారు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తారు. అచ్చు చూసి చదవలేరు.

కథగా లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుణ్ణి తీసుకున్నాను. చిన్నకొడుకు ఆస్తిలో వాటా అడిగి దూరదేశం పోతాడు, అంతా తగలేస్తాడు, కరువొస్తే పందులు కాస్తాడు, చివరికి ఇంటి దారి పడతాడు. స్క్రిప్టు నేను బైబిలు భాషలోనే రాసుకొచ్చాను, 'చెప్పెను', 'పోయెను' అని. రెండు నిమిషాలు చదివాక ఒక పిల్ల, "అంకుల్, ఇది తెలుగేనా?" అంది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను.

తర్వాత తెలిసిందేమిటంటే, ఈ పిల్లలకు తెలుగు రాదన్నది సగం నిజమే. వాళ్ళ తెలుగుకి కొన్ని గదులున్నాయి. తిండి, తిట్లు, బతిమాలడం, నాయనమ్మతో ఫోను. ఆ గదుల్లో తెలుగు పూర్తిగా ఉంది, యాసతో సహా. రాజకీయాల గురించో, లెక్కల గురించో మాట్లాడమంటే మాటలు దొరకవు. కాబట్టి నాటకాన్నే ఆ గదుల్లోకి తీసుకెళ్ళాలి. మొదటి రోజు కాగితం ఇవ్వకూడదు. కథ చెప్పి, "నీకు కొత్త ఫోను కావాలంటే నాన్నను ఎలా అడుగుతావు?" అనాలి. ఆస్తి అడిగే సీను అక్కడే పుట్టింది. "ఇవ్వు నాన్నా, ప్లీజ్ నాన్నా, అందరికీ ఉంది నాన్నా" అని పన్నెండేళ్ళ వాడు కాళ్ళకు చుట్టుకుని పాడిన పాట నేను వంద జన్మలెత్తినా రాయలేను.

కొడుకు తిరిగొచ్చినప్పుడు తండ్రి ఏమంటాడు? సువార్తలో తండ్రి వస్త్రం తెమ్మంటాడు, ఉంగరం, చెప్పులు తెమ్మంటాడు, కొవ్విన దూడను కోయించి విందు చేయిస్తాడు. పిల్లలను అడిగాను: "నువ్వు చాలా ఆలస్యంగా ఇంటికొస్తే అమ్మ మొదట ఏమంటుంది?" ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె ఆలోచించకుండా చెప్పింది: "ఏమన్నా తిన్నావా?" అదే ఉంచేశాం.

కొన్ని పనిముట్ల సంగతులు. డైలాగు ఒక్క ఊపిరిలో చెప్పగలిగేంతే ఉండాలి. ళ, ణ పలకకపోతే అన్నిసార్లూ దిద్దకండి. దిద్దినకొద్దీ గొంతు లోపలికి పోతుంది. మైకు నమ్ముకోకండి, చివరి బల్ల దగ్గర ఒక పిల్లను నిలబెట్టి వినిపించిందీ లేనిదీ చెయ్యెత్తమనండి. ప్రతి పాత్రా ఇద్దరికి నేర్పాలి. ఎందుకంటే సెలవుల్లో విమానం టిక్కెట్టు ఎవరి మాటా వినదు. ఆ ఏడాది మా చిన్నకొడుకు మూడో రోజు రాత్రి హైదరాబాద్ ఎగిరిపోయాడు. చిన్నపిల్లలంతా పందులు. ఆ వేషం కోసం కొట్లాటే. ఇక్కడ పుట్టిన పిల్లలు పందిని చూసి ఎరుగరు, అందుకే గురగుర శబ్దం నేర్పడానికి నాకు అరగంట పట్టింది. ఆ మాస్కులు మాత్రం కార్లో పెట్టుకుని గేటు దాటడం ఎందుకని హాల్లోనే అట్టతో చేయించాను. ఎవరూ వద్దనలేదు, నాకే అనిపించింది.

వేషాల దగ్గర ఒక చర్చ జరిగింది. బైబిలు కథ అంటే మనవాళ్ళకు 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమా కళ్ళముందు కదులుతుంది. తల్లులు తెల్ల అంగీలు కుట్టించడానికి సిద్ధమయ్యారు. నేను తండ్రికి పంచె, కండువా అన్నాను. బైబిల్లో పంచె ఏమిటని ఒక పెద్దాయన కోప్పడ్డారు. నేను దోర్నకల్ గుర్తుచేశాను. బిషప్ అజరయ్య పూనికతో కట్టి 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కతీడ్రల్ అది. ఇక్కడి ఆంగ్లికన్ చర్చిదీ అదే పేరు చూడండి. గుడి స్తంభాల్లాంటి స్తంభాలు, మసీదు గుమ్మటాల్లాంటి గుమ్మటాలు. జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, అది తెలుగు పద్యంలోనే కదా అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మర్నాడు తన పట్టు కండువా తెచ్చిచ్చారు.

నాలుగో రోజు చిక్కు పరుగు దగ్గర వచ్చింది. తండ్రి కొడుకును దూరం నుంచే చూసి పరిగెత్తాలి. మా వేదిక పన్నెండు అడుగులు, రెండు అంగలేస్తే అయిపోతుంది. అందుకని కొడుకును హాలు వెనక తలుపులోంచి రమ్మన్నాం. తండ్రి వేదిక దిగి, జనం మధ్య దారిలోంచి, వెనక బల్లల దాకా పరిగెత్తాలి. తండ్రి వేషం వేసిన కుర్రాడికి పదమూడేళ్ళు. వాడు పరుగు పందెంలా దౌడు తీశాడు. "నెమ్మదిరా, ముసలాయన, పెద్దమనిషి. ఆ కాలంలో పెద్దమనుషులు పరిగెత్తరు. పంచె అడ్డం పడుతుంది, ఎత్తిపట్టుకోవాలి" అన్నాను. వాడు పంచె పట్టుకుని నిలబడి, "అంకుల్, దూరదేశం పోయేది కొడుకులా? నాన్నలు కదా?" అన్నాడు.

వాళ్ళ నాన్న వేరే గల్ఫ్ దేశంలో ఉద్యోగం. వీడూ, నర్సుగా పనిచేసే వాళ్ళమ్మా ఇక్కడ. ఏడాదికి రెండుసార్లు కలుస్తారు. నాకు జవాబు తోచలేదు. "మన కథలో ఇలాగే ఉందిరా" అన్నాను. అది జవాబు కాదని వాడికీ తెలుసు. కానీ ఆ తర్వాత వాడి పరుగు మారింది. మొదటి నాలుగు అడుగులు నడిచేవాడు, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసేవాడు, అప్పుడు పరిగెత్తేవాడు. అది నేను నేర్పింది కాదు.

శుక్రవారం ఆరాధన తర్వాత నాటకం వేశాం. తప్పులు చాలా దొర్లాయి. 'కరువు' అనబోయి ఒకడు 'పరువు వచ్చింది' అన్నాడు, హాలంతా నవ్వింది, వాడూ నవ్వాడు. పెద్దకొడుకు అలిగి గుమ్మం బయట నిలబడతాడు. లోపలికి వచ్చాడో లేదో సువార్తలోనూ చెప్పలేదు, మేమూ చెప్పకుండా వదిలేద్దామనుకున్నాం. కానీ నాలుగేళ్ళ పంది ఒకతె వెళ్ళి వాడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది.

వెనక సగం హాలు ఈసారి కదల్లేదు. పరుగు సీనులో తండ్రీకొడుకులు కలుసుకున్నది సరిగ్గా వాళ్ళ మధ్యనే. "ఏమన్నా తిన్నావా?" అన్నప్పుడు నేను వేదిక పక్కన ఉన్నాను, వాళ్ళ మొహాలు నాకు కనబడలేదు. అంతా అయ్యాక, కుర్చీలు సర్దుతుంటే ఒకాయన దగ్గరికొచ్చాడు. అమలాపురం అవతల ఊరు. మూడేళ్ళయింది ఇంటికి వెళ్ళి.

"బ్రదర్ గారూ, ఆ పరిగెత్తే ముక్క ఇంకొక్కసారి వేయిస్తారాండీ? ఫోన్లో తీసుకుంటాను. మా అమ్మాయికి పంపుతాను."

కుర్రాడి తల్లిని అడిగాను, ఆవిడ సరేనంది. మా గంట అప్పటికే అయిపోయింది. తర్వాతి సంఘం వాళ్ళు గిటార్లతో తలుపు దగ్గరికి వచ్చేశారు. వాడు విప్పిన పంచె మళ్ళీ చుట్టుకుని వేదిక ఎక్కాడు. కొడుకు వేసినవాడు బయటికి పరిగెత్తాడు, వెనక తలుపులోంచి రావడానికి. గిటార్ల వాళ్ళు పక్కకు జరిగి వాడికి దారి ఇచ్చారు.