సూపర్ మార్కెట్టు: చీటీపై కానరాని వెల

సూపర్ మార్కెట్టులో ప్రతి వస్తువుపైనను వెల ముద్రింపబడి యుండును. బేరములేదు, శుభ్రత కలదు, తూకము సరిగా నుండును. ఈ గుణములను మేము కాదనము. 2006 నవంబరులో హైదరాబాదున రిలయన్స్ ఫ్రెష్ తొలి అంగళ్లు వెలసినపుడు మేము ఉపాధ్యాయ శిక్షణలో నుంటిమి. చల్లని గదిలో కూరగాయలమ్ముట చూచి అబ్బురపడితిమి. అయినను వెలచీటిలో చేరని ఖర్చులు కొన్ని గలవు.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టినది. 1916లో మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు, కొనువారే తిరిగి సరకులు ఏరుకొను అంగడిని తెరచెను. అమ్మువాడు ఎదుట లేనపుడు సరకే తన పేరును, తూకమును, వెలను చెప్పుకొనవలెను గదా! అందుచేత అచ్చువేసిన సంచుల వాడుక పెరిగినది. చిరుతిండ్ల సంచిలో ప్లాస్టిక్కు పొరలును లోహపు పొరయు అంటుకొని యుండును. వానిని విడదీయుట కష్టము గనుక పాత సామాను కొనువాడును దానిని ముట్టడు. 2022 జూలై 1 నుండి మన దేశమున నిషేధింపబడిన ప్లాస్టిక్కు వస్తువులలో చెంచాలు, పళ్లెములు కలవుగాని ఈ సంచులు లేవు. వానకాలమున కాలువలలో పడినవి పెన్‌గంగ దారి పట్టును.

శీతల యంత్రముల ఖర్చు కంటికే కానరాదు. వానిలో వాడు ఆర్-404ఎ అను వాయువు ఒక్క కిలో వెలికిపోయినచో, నూరేండ్ల లెక్కన సుమారు 3,900 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానముగా భూమిని వేడెక్కించును. ఇట్టి వాయువులను తగ్గించుటకు 2016లో కిగాలీ నగరమున దేశములు ఒడంబడిక చేసికొనినవి.

ఇక రైతుమాట. పెద్ద అంగడికి ఒకే తీరు కాయలు కావలెను. ఐరోపా సంఘము 1988లో, మేలురకపు కీరదోసకాయ పది సెంటీమీటర్ల నిడివికి పది మిల్లీమీటర్లకంటె వంగరాదని శాసించినది! 2009లో ఆ నియమము రద్దయినది. కాని నునుపును, నిగనిగలను కోరు అలవాటు పోలేదు. వంకర కాయకును రైతు నీరు పెట్టినాడు, కూలి యిచ్చినాడు.

మన కిన్వట్ సంతలో వంకరకాయకును చోటుకలదు. సంతను పొగడి దాని తప్పులను దాచము: అక్కడను పలుచని ప్లాస్టిక్కు సంచులు గుట్టలుపడును, త్రాసు మొగ్గించువారును కలరు. అయినను పత్తి అమ్ముడగువరకు ఉద్దెర యిచ్చునది ఎరిగిన దుకాణదారుడే. యంత్రము మొగము చూచి అప్పీయదు.

మరియొకటి కలదు. 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండిన మన తాలూకాలో తెలుగు, మరాఠీ, గోండి భాషలు మూడును బేరములో కలియును. బడి దాటిన పిమ్మట మన పిల్లలు తెలుగు గట్టిగా మాటలాడు తావులు కొన్నియే. వానిలో సంత యొకటి. గీతల గుర్తు చదువు యంత్రమునకు ఏ భాషయు అక్కరలేదు.

మొన్న తరగతిలో "కొసరు" అనగా నేమని అడిగితిమి. అమ్మవెంట సంతకు పోవు పిల్లలు వెంటనే చేతులెత్తిరి. తక్కినవారు నిఘంటువు తెరచిరి.