రైతు చేతికి లొంగిన కారు – టీ మోడల్ ఫోర్డు

పాత అమెరికా కారు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది సినిమాలో జమీందారుగారు దిగే పొడుగాటి బండి. దాన్ని కొనటం షావుకార్ల పని, బాగుచేయటం మెకానిక్కు పని అని మనకు మనమే పంపకాలు చేసేసుకున్నాం. కాని ఆ అమెరికాలోనే ఒక కారును లక్షలమంది రైతులు కొన్నారు. కొన్నవాళ్ళే స్పానరు పట్టుకుని బాగుచేసుకున్నారు. నూరేళ్ళు దాటినా దాన్ని నడిపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అదే ఫోర్డు కంపెనీవారి టీ మోడల్.

ఈ కారు 1908లో డెట్రాయిట్ నగరంలో పుట్టింది. 1927 వరకు సుమారు 1 కోటీ 50 లక్షల బళ్ళు తయారైనాయి. కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డు స్వయంగా రైతుబిడ్డ. మొదట్లో దీని ధర 850 డాలర్లు ఉండేది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కొత్త పద్ధతి పెట్టారు. బండి కదిలి వస్తూ ఉంటుంది, పనివాడు నిలబడ్డచోటే తన భాగం బిగిస్తాడు. దాంతో పన్నెండున్నర గంటలు పట్టే చట్రం బిగింపు గంటన్నరకు దిగింది. 1925 నాటికి అన్నిటికంటె చవక రకం 260 డాలర్లకే వచ్చింది.

సరే, చవక అయితే కొంటారు. మరి బాగుచేయటం ఎలా వచ్చింది? అక్కడే ఉంది అసలు సంగతి.

ఇంజను కథ

నాలుగు సిలిండర్లనూ ఒకే దిమ్మగా పోతపోసి, పైన మూతను విడిగా బోల్టులతో బిగించారు. మూత తీస్తే లోపలంతా కనపడుతుంది. పేరుకున్న మసి గీకి, వాల్వులు నూరి, మళ్ళీ బిగించుకోవచ్చు. శక్తి 20 హార్స్ పవరే.

ఇంజనును చల్లబరచటానికి, మొదటి కొద్ది బళ్ళలో తప్ప, నీళ్ళ పంపే లేదు. కాగిన నీరు తేలికై పైకి లేస్తుంది, చల్లారిన నీరు బరువై కిందికి దిగుతుంది. పొయ్యిమీద ఎసరు చూసినవారికి ఇది కొత్తగాదు. ఆ సూత్రంతోనే రేడియేటరుకూ ఇంజనుకూ మధ్య నీరు దానంతటదే తిరిగేది. లేని పంపు చెడిపోదు గదా!

పెట్రోలుకూ పంపు లేదు. చాలా ఏళ్ళపాటు ట్యాంకు సీటు కిందనే ఉండేది. పెట్రోలు పల్లానికి పారి కార్బురేటరుకు చేరేది. ట్యాంకులో కొద్దిగానే ఉన్నప్పుడు నిటారు గుట్ట ఎక్కబోతే ఇంజను పైకి, ట్యాంకు కిందికి అయిపోయి పెట్రోలు అందదు. అప్పుడు జనం బండిని వెనక్కి తిప్పి రివర్సు గేరులో గుట్ట ఎక్కించేవారు.

ఇక నిప్పురవ్వ. ఫ్లైవీలుకు 16 అయస్కాంతాలు బిగించారు. అవి తిరుగుతుంటే ఎదుట కదలకుండా ఉన్న తీగచుట్టల్లో విద్యుత్తు పుడుతుంది. మనం ఫిజిక్సులో చదివే ఫారడే సూత్రమే ఇది. ఒక కొయ్యపెట్టెలో నాలుగు కాయిళ్ళు, సిలిండరుకు ఒకటి చొప్పున ఉంటాయి. ఇంజను తడబడితే ఒక్కో కాయిలు మీద అదిరే రేకును వేలితో నొక్కి పట్టాలి. నొక్కితే ఇంజను మోత మారిందా, ఆ సిలిండరు బాగున్నట్టే. మారలేదా, రోగం అక్కడే. దీనికి వేలూ చెవీ ఉంటే చాలు.

గేర్లకూ బ్రేకుకూ కలిపి మూడు డ్రమ్ముల చుట్టూ మూడు పట్టీలు ఉండేవి. వాటి లోపలి నూలు అస్తరు అరిగితే బిగించటమో, కొత్తది వేయటమో యజమానే చేసుకునేవాడు. కంపెనీవారు కూడా ప్రశ్నలూ జవాబుల రూపంలో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి యజమానులకు అందించారు.

పొలం పనికీ ఆ బండే. వెనక చక్రాన్ని జాకీమీద లేపి, బెల్టు తగిలించి, కట్టెలు కోసే రంపాన్నీ నీళ్ళ పంపునూ తిప్పుకున్నారు.

ఇప్పుడు ఉంచుకోవాలంటే

ఇది చదివి బండి ఉంచుకోవటం సుళువని అనుకోకండి. ఆయిలు చూడటానికి పుల్ల లేదు; ఇంజను అడుగున రెండు చిన్న కుళాయిలు ఉంటాయి. పైదాంట్లోనుంచి ఆయిలు కారితే సరిపడా ఉన్నట్టు. కిందిదాంట్లోనుంచి కూడా రాకపోతే బేరింగులు పోతాయి. హ్యాండిలు కొట్టేముందు స్పార్కు లీవరు పైకి జరపాలి. మరిస్తే హ్యాండిలు ఎదురుతన్ని మణికట్టు విరగ్గొడుతుంది. ఆయిలింజను తిప్పినవారికి ఈ భయం చెప్పనక్కరలేదు. బ్రేకు అంతంతమాత్రం. వేగం గంటకు 65, 70 కిలోమీటర్లు దాటదు. కాని విడిభాగాలు అమెరికాలో ఇప్పటికీ కొత్తగా తయారై అమ్ముడవుతున్నాయి. అందుకే ఆ బండి బతికి ఉంది.

నిరుడు తొలకరి వేళ మా ఊళ్ళో ఒక కొత్త ట్రాక్టరు చేలో ఆగిపోయింది. ఇంజను బాగానే ఉంది. ఏదో సెన్సారు తప్పు చూపించింది. పట్నంనుంచి కంప్యూటరు పట్టుకుని మనిషి వచ్చేదాకా మూడు రోజులు. పదును ఆరిపోయింది. రైతు చేతిలో స్పానరు ఉంది గాని అది పనికిరాలేదు.

ఈ బాధ మనకొక్కరికే కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ప్రజలు ఓటువేసి, కార్లు బాగుచేయటానికి కావలసిన సమాచారం యజమానులకూ బయటి మెకానిక్కులకూ ఇవ్వాలని చట్టం తెచ్చుకున్నారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలకూ అటువంటి చట్టమే చేసింది.

కొత్త యంత్రాలు వద్దని నేను అనటంలేదు. వాటికి పొగ తక్కువ, భద్రత ఎక్కువ. టీ మోడల్ కూడా కాలానికి తగ్గట్టు మారక వెనకబడే ఆగిపోయింది. కాని ఒకమాట ఆలోచించండి. ఆ కారును రైతు బాగుచేసుకోగలిగాడంటే అది అదృష్టంకొద్దీ జరగలేదు. అలా కుదిరేటట్టు కాగితంమీద గీసినవారు గీశారు. రేపు మన కాలేజీనుంచి వెళ్ళి యంత్రాలు గీయబోయేవారు మనలోనూ ఉన్నారు. పదును ఆరకముందే మూత విప్పి చూసుకునే వీలు రైతుకు ఉంచుతారా లేదా అన్నది వారు గీసే గీతమీద ఆధారపడి ఉంటుంది.